మ్యాపులో ఖాళీగా ఉన్న చోటికి వెళ్ళండి

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. విజయనగరం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మాస్టార్లకు ప్రత్యేకంగా నమస్కారాలు.

సభల్లో ఫోన్లు జేబులో పెట్టుకోమంటారు. ఈవేళ మాత్రం బయటికి తీయండి. మన చుట్టుపక్కల ఉన్న చెరువులు, గెడ్డలనే వాగులు, నీరు నిలిచే బీలలు, కొండలు, ఇసుక తిన్నెలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటిలో ఏమేం బతుకుతున్నాయో తెలుసుకోవడానికి ఫోన్ ఎలా పనికొస్తుందో మాట్లాడుకుందాం. సెలవు దొరికితే అరకు వెళ్ళిపోతాం. అరకు మంచిదే. కానీ మన శ్రీకాకుళం జిల్లాకి రాష్ట్రంలోనే పొడవైన సముద్రతీరం ఉంది, 193 కిలోమీటర్లు. నాగావళి కల్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ మూడు చోట్లకీ వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి... చూశారా. ఇంత దగ్గరలో ఉన్నవే మనం చూడలేదు.

ముందు యాప్‌ల సంగతి చెబుతాను. ఐనాచురలిస్ట్ అని ఒకటి ఉంది. 2008లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. మొక్క, పురుగు, పాము, పక్షి ఏదైనా సరే, ఫోటో తీసి అందులో పెడితే, ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో దానితో పాటు నమోదవుతుంది. పేరు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. యాప్ తన ఊహ చెబుతుంది. తర్వాత తెలిసినవాళ్ళు చూసి సరిచేస్తారు. చూసినవాళ్ళలో మూడింట రెండు వంతులకు మించి ఒకే పేరు దగ్గర ఒప్పుకుంటే, ఆ నమోదు పరిశోధనకు పనికొచ్చే స్థాయికి చేరుతుంది. ఇంకొకటి ఈబర్డ్. ఇది పక్షులకే. 2002లో కార్నెల్ పక్షి అధ్యయన సంస్థ, ఆడుబన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి. మెర్లిన్ అనే యాప్ కూడా కార్నెల్ వాళ్ళదే, పిట్ట కూత విని పేరు చెబుతుంది. అకౌంటు తెరవడం ఇష్టం లేనివాళ్ళు, కెమెరా పెడితే పేరు చెప్పే సీక్ అనే యాప్ వేసుకోవచ్చు. చిన్నపిల్లలకు అదే మంచిది. ఇవన్నీ ఉచితం. యాప్‌ల గురించి ఇంతకుమించి పాఠం అక్కర్లేదు, నాలుగు రోజులు వాడితే మీకే వచ్చేస్తుంది.

అసలు విషయం ఈ యాప్‌లలో ఉండే మ్యాపు. ఐనాచురలిస్ట్‌లో ఎక్స్‌ప్లోర్ అనే చోట మన జిల్లాని తెరవండి. చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కా ఎవరో ఒకరు ఒక జీవిని చూసిన చోటు. ఈబర్డ్‌లో అయితే హాట్‌స్పాట్లు కనిపిస్తాయి. పక్షులు చూడటానికి వెళ్ళే చోట్లన్నమాట. అక్కడ ఇప్పటిదాకా ఎన్ని రకాలు నమోదయ్యాయో దాన్నిబట్టి రంగు మారుతుంది. ఏ నెలలో ఏ పక్షి కనబడుతుందో పట్టీలు గీసి చూపిస్తుంది. కొత్త ఊరు వెళ్ళినవాడికి దారి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? తాటిపూడి రిజర్వాయరు మీద డిసెంబరులో ఏమేం కనబడవచ్చో ఇంట్లో కూర్చుని చూసుకుని బయల్దేరవచ్చు.

అయితే ఆ చుక్కల్ని ఇంకోలా కూడా చదవాలి. ఏ జిల్లా తెరిచినా సరే, పేరున్న చోట, రోడ్డు పక్కన, కాలేజీల చుట్టూ చుక్కలు గుమిగూడి ఉంటాయి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ చూసి అక్కడ ఏమీ లేదనుకుంటాం. అక్కడికి ఫోన్ పట్టుకుని ఎవరూ వెళ్ళలేదని మాత్రమే దానికి అర్థం. నేను ఈవేళ మీకు చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. చుక్కలున్న చోటికి చూడటానికి వెళ్ళండి, చుక్కలు లేని చోటికి నమోదు చేయడానికి వెళ్ళండి.

ఈ ఖాళీ వల్ల ఏమవుతుందో మన జిల్లాకి బాగా తెలుసు. సోంపేట దగ్గర బీల ఉంది. బీల అంటే ఇక్కడున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. వానాకాలంలో నీరు నిలుస్తుంది, చేప, రొయ్య పెరుగుతాయి, చుట్టూ ఊళ్ళ పొలాలకు తడి అందుతుంది, పశువులకు గడ్డి దొరుకుతుంది, పక్షులు దిగుతాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలన్నప్పుడు ఆ నేలను పనికిరాని భూమిలా చూశారు. అడ్డుపడ్డ జనం మీద 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న విషయమే అక్కడ ముఖ్యమైంది. మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో తంపర భూముల దగ్గర, అంటే బీలలాంటి చిత్తడి నేలల దగ్గర, మళ్ళీ అదే జరిగింది. మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు.

అప్పుడు యాప్ ఉంటే ఇదంతా ఆగిపోయేదని నేను అనను. ఆ పోరాటం చేసింది రైతులు, మత్స్యకారులు. వాళ్ళ కష్టాన్ని ఫోన్ ఖాతాలో వేయకూడదు. కానీ ఒక చోట ఏముందో నెలనెలా, ఏటేటా, ఫోటోతో, తేదీతో నమోదై ఉంటే, ఇక్కడ ఏమీ లేదని ఎవరైనా కాగితం మీద రాయడం కష్టమవుతుంది. ఐనాచురలిస్ట్‌లో నిర్ధారణ అయిన నమోదులు, ఈబర్డ్ జాబితాలు ప్రపంచంలో పరిశోధకులందరూ వాడుకునే జీబిఫ్ అనే ఉమ్మడి భాండాగారంలోకి వెళతాయి. మీ ఊరి చెరువు గట్టు మీద మీరు తీసిన ఫోటో అక్కడికి చేరుతుంది.

మన తంపరలకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మ్యాపులో శాటిలైట్ బొమ్మ తెరిచి చూడండి. వానాకాలంలో మబ్బులు కమ్మేస్తాయి కాబట్టి మబ్బు లేని రోజుల్లో తీసిన బొమ్మలనే ఎక్కువగా పెడతారు. అంటే చలికాలం, ఎండాకాలం బొమ్మలు. అప్పటికి తంపర ఎండిపోయి బీడులా కనిపిస్తుంది. ఆగస్టులో మోకాలి లోతు నీళ్ళున్న నేల, ఏప్రిల్ బొమ్మలో ఎవరికీ పట్టని ఖాళీ స్థలం! అందుకే గూగుల్ ఎర్త్‌లో ఒకే చోటు పాత బొమ్మలు కూడా ఒకటొకటిగా తిప్పి చూడండి. ఒకదానిలో పచ్చగా, ఒకదానిలో నీలంగా, ఒకదానిలో తెల్లగా మారే నేల కనిపిస్తే, అది నీరు వచ్చిపోయే నేల. అలాంటి చోటు మీ మండలంలో ఎక్కడుందో పట్టుకోండి. సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి వెళ్ళండి. ఇసుక తవ్వకాల వల్ల నదిలో తిన్నెలు ఎలా మారుతున్నాయో కూడా ఈ పాత బొమ్మల్లో తెలుస్తుంది.

ఇప్పుడు మనందరికీ ఇష్టమైన తేలినీలాపురం దగ్గరికి వద్దాం. టెక్కలి మండలం. ఊరి మధ్యన చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి మార్చి దాటాక వెళతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలదీ ఇదే కథ, అవి ఇంకా ముందే వానలతో పాటు వస్తాయి. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పేపర్లలో చదువుతున్నాం, బడుల్లో చెబుతున్నాం.

ఈబర్డ్ తెరిచి గూడబాతు ఇంగ్లీషు పేరు స్పాట్-బిల్డ్ పెలికాన్ అని కొట్టి ప్రపంచ పటం చూడండి. మచ్చలన్నీ భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా వైపే ఉంటాయి. సైబీరియాలో ఒక్కటీ ఉండదు. ఎర్రకాళ్ళ కొంగదీ అంతే, నత్తగుల్ల కొంగదీ అంతే. ఇవి మన దేశపు పక్షులే. నీరు, చేప, నత్త దొరికే కాలాన్ని బట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతాయి. మన దగ్గరే గూడు కడతాయి, మన దగ్గరే పిల్లల్ని చేస్తాయి. పుట్టిల్లు ఇదే.

మరి సైబీరియా నుంచి వచ్చేవి లేవా? ఉన్నాయి. తేలినీలాపురం నుంచి సముద్రం వైపు వెళితే నౌపడ వస్తుంది. అక్కడ ఉప్పు పండించే కొఠార్ల గట్ల మీద, బురదలో, చలికాలంలో చిన్న చిన్న పిట్టలు గబగబా పరుగెత్తుతూ ముక్కుతో పొడుచుకు తింటుంటాయి. దూరం నుంచి చూస్తే మట్టిరంగులో కలిసిపోతాయి. వాటిలో కొన్ని పిచ్చుకంతే ఉంటాయి, బరువు 20, 30 గ్రాములు. అవి ఆర్కిటిక్ తీరాల్లో, సైబీరియా మంచు మైదానాల్లో గుడ్లు పెట్టి, అక్కడ చలి ముదరకముందే బయల్దేరి మనదాకా ఎగిరొస్తాయి. నౌపడ ఉప్పు బురదలో తిని బలం పుంజుకుని మళ్ళీ వెనక్కి వెళతాయి. చెట్టు మీద కనిపించే పెద్ద పక్షికి పండగ చేశాం, బాగుంది. వేల మైళ్ళు ఎగిరొచ్చిన ఈ చిన్నవాటిని మాత్రం ఎవరూ పలకరించలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. తేలినీలాపురం గూడబాతులు తినడానికి వెళ్ళేది ఈ నౌపడ, భావనపాడు తంపరలకే. ఊళ్ళో చెట్టు కాపాడి, తంపర పాడుచేస్తే, పిల్లలకి తిండి ఎక్కడిది? మ్యాపులో రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ లంకె కళ్ళకి కడుతుంది. అందుకే తేలినీలాపురం వెళ్ళినవాళ్ళు చెట్టు కింద ఫోటో దిగి వచ్చేయకుండా నౌపడ దాకా వెళ్ళండి. పక్షులు ఏ వైపు ఎగురుతున్నాయో చూడండి, రాయండి.

నమోదు చేసేటప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. యాప్ చెప్పిన మొదటి పేరు వెంటనే నొక్కేయకండి. తగినన్ని ఫోటోలు వచ్చిన జీవుల మీదే దానికి శిక్షణ ఇస్తారు. అమెరికాలో, యూరప్‌లో ఫోటోలు ఎక్కువ. మన మహేంద్రగిరి వాలుల్లో దొరికే మొక్కకి ఒక్కోసారి ఎక్కడో కాలిఫోర్నియా మొక్క పేరు చెప్పేయవచ్చు. దగ్గర్లో కనబడినవే చూపించమని అడిగే వీలుంది, అది వాడండి. ఖచ్చితంగా తెలియకపోతే పక్షి అనో, సాలీడు అనో, గడ్డి అనో పెట్టి వదిలేయండి. తెలిసినవాళ్ళు ముందుకు తీసుకెళతారు. మెర్లిన్ కూడా అంతే. అది చెప్పింది కదా అని రాసేయకుండా పిట్టని కంటితో చూడండి. మొక్క అయితే పువ్వొక్కటే తీయకండి. ఆకు పైభాగం, అడుగుభాగం, కాయ, బెరడు, మొత్తం చెట్టు తీస్తేనే పోల్చగలరు. ఈబర్డ్‌లో ఒక పావుగంట నిలబడి కనబడిన, వినబడిన ప్రతి పక్షినీ రాయండి, కాకితో సహా. కాకిని ఎందుకు రాయాలంటారు. ఫలానా చోట కాకులు తగ్గాయని రేపు తెలియాలంటే ఈవేళ ఎన్ని ఉన్నాయో ఎవరో ఒకరు రాసి ఉండాలి.

పెంచినదా, తనంతట తాను బతుకుతున్నదా అన్నది కూడా రాయాలి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి. ఫోటో ముచ్చటగా వస్తుంది. పెట్టేయండి, కానీ పెంపకంలో ఉన్నది అనే గుర్తు పెట్టండి. లేకపోతే శ్రీకూర్మం ఊళ్ళో నక్షత్ర తాబేళ్ళు అడవిలోలా తిరుగుతున్నాయని ఎక్కడో కూర్చున్న పరిశోధకుడు అనుకుంటాడు. ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, తీరం వెంట వరసగా నాటిన సరుగుడు, వీటికీ ఇదే పద్ధతి. తీరంలో దానంతట అది పెరిగిన మొగలి పొద, అడంబు తీగ కనిపిస్తే మాత్రం తప్పకుండా నమోదు చేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా ఊడ్చేసిందో మీరంతా చూశారు. ఇసుకని పట్టి ఉంచే తీగలు ఎక్కడ మిగిలాయి, ఎక్కడ పోయాయి అన్నది మనకి తెలియాల్సిన విషయం.

ఇక చెప్పకూడని చోట్లు. చలికాలం నడిమి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్ళిపోతాయి. ఆ చోటు ఇదిగో అని అదే రాత్రి గ్రూపుల్లో పెట్టేస్తే కుక్కల కన్నా ముందు మనుషులు చేరతారు. ఐనాచురలిస్ట్‌లో ఆపదలో ఉన్న చాలా జీవుల అసలు చోటు బయటివాళ్ళకి కనపడదు. 20 కిలోమీటర్ల పైచిలుకు చదరంలో ఎక్కడో ఒక చోట చుక్క పెడుతుంది. మీరే కావాలని చోటు దాచే వీలు కూడా ఉంది. గూళ్ళు, గుడ్లు, పుట్టల దగ్గర దాన్ని వాడండి. తాబేలు కనిపిస్తే లైటు వేయకండి, ఫ్లాష్ అసలే వద్దు. పిల్ల తాబేళ్ళు సముద్రం మీది వెలుతురుని బట్టి దారి పట్టుకుంటాయి. మన లైటు చూసి ఊరివైపు నడుస్తాయి. అటవీశాఖ వాళ్ళకి చెప్పండి, గుడ్లు వాళ్ళే చూసుకుంటారు.

మరో జాగ్రత్త మీ ప్రాణాలకి. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మనుషుల మీద పడిన సంఘటనలు మీకు తెలుసు. తెల్లారకముందు, చీకటి పడ్డాక అటు వెళ్ళకండి, ఒంటరిగా అసలే వెళ్ళకండి. మ్యాపు దారి చూపిస్తుంది, ఆ దారిలో ఈవేళ ఏముందో ఆ ఊరివాళ్ళకే తెలుసు. ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి, ఇంట్లో చెప్పి, ఒక మాస్టారునో మేడమ్‌నో వెంటబెట్టుకుని వెళ్ళండి. ఎవరి పొలంలోకైనా దిగేముందు అడగండి. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని, గొర్రెలు తోలుతున్న తాతని, ఆకుకూర కోస్తున్న అమ్మని పలకరించండి. ఈ పిట్ట ఏ నెలలో వస్తుంది, ఈ గెడ్డలో నీరు ఎప్పటిదాకా ఉంటుంది, మీ చిన్నప్పుడు ఇక్కడ ఏముండేది అని అడగండి. యాప్‌లో వివరణ రాసే చోటు ఉంటుంది, అందులో వాళ్ళు చెప్పింది రాయండి. వాళ్ళ దగ్గరున్నది ఏ శాటిలైట్‌కీ దొరకదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

(కొండ మీద సిగ్నల్ ఉండదు కదా అని ఒక విద్యార్థి అడిగారు.)

ఉండక్కర్లేదు బాబూ. ఫోటో తీసేటప్పుడు లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలు. జీపీఎస్‌కి ఫోన్ సిగ్నల్‌తో పని లేదు. ఇంటికొచ్చాక ఎక్కించు. ఈబర్డ్‌కి, మెర్లిన్‌కి మాత్రం మన ప్రాంతం పక్షుల ప్యాక్ ముందే ఇంట్లో దించుకుని వెళ్ళాలి.

(మా ఊళ్ళో చిన్న చెరువు తప్ప ఏమీ లేదు, అక్కడ ఏం నమోదు చేస్తాం అని మరో విద్యార్థిని అడిగారు.)

ఏ ఊరమ్మా? ఆమదాలవలస దగ్గరా. సరే, ఆ చెరువుని మ్యాపులో చూడు. ఒక్క చుక్కా లేదు కదా? ఈ ఆదివారం పొద్దున్న ఆరున్నరకి గట్టు మీద పావుగంట నిలబడు. నీటికాకి ఉంటుంది, లకుముకి ఉంటుంది, తామరాకు మీద నడిచే పిట్ట ఉండొచ్చు. తూటికాడ ఎంతమేర కమ్మిందో ఒక ఫోటో తీయి. అదే చోట నిలబడి నెలకొకసారి అదే పని చెయ్యి. ఏడాది తిరిగేసరికి ఆ చెరువు గురించి నీకంటే ఎక్కువ నమోదు చేసినవాళ్ళు ఎక్కడా ఉండరు. ఈబర్డ్‌లో దాన్ని హాట్‌స్పాట్‌గా చేర్చమని నువ్వే ప్రతిపాదించవచ్చు. చెరువుకి ఊళ్ళో ఏ పేరు పిలుస్తారో ఆ పేరే పెట్టు.

ఇంకా ప్రశ్నలున్నవాళ్ళు బయట వరండాలోకి రండి. యాప్ ఎక్కించుకోవడం రానివాళ్ళకి అక్కడే చేసి చూపిస్తాను. నాతో నౌపడ రావాలనుకున్నవాళ్ళు పేర్లు ఇవ్వండి. నీళ్ళ సీసా, టోపీ తెచ్చుకోండి, ఉప్పు కొఠార్ల దగ్గర చెట్టు నీడ దొరకదు.